రంగులాయన మాత్రలు మానేసిన పదకొండు రోజులు

మాత్రలక్కకు అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది. ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఇప్పుడు ఇద్దరో ముగ్గురో మిగిలారు. ఆస్పత్రిలో, వీధిలో, కూరగాయల బండి దగ్గర కూడా ఆమె మాత్రలక్కే. పదహారేళ్ళుగా ఆమె చేసే ఉద్యోగం ఒక్కటే. టీబీ వచ్చినవాళ్ళు మాత్రలు మింగుతుంటే ఎదురుగా కూర్చుని చూడడం. ఇవ్వడం కాదు, చూడడం. ఇవ్వడానికి ఎవరైనా సరిపోతారు.

పొద్దున ఎనిమిదింటికి ఆస్పత్రి వెనకవైపు కిటికీ తెరుచుకుంటుంది. కిటికీకి ఇవతల బల్ల, బల్ల మీద నీళ్ళ కూజా, స్టీలు గ్లాసులు, రోగికో ప్లాస్టిక్ డబ్బా, అట్ట ఊడిపోయిన రిజిస్టరు. అవతల వరస. వచ్చినవాళ్ళు మాత్రలు నోట్లో వేసుకోవాలి, నీళ్ళు తాగాలి, నోరు తెరవాలి, నాలుక ఎత్తాలి, రెండు బుగ్గలూ వేలితో లాగి చూపించాలి. అంతా అయ్యాక గానీ ఆమె పెన్ను కదలదు.

"నాలుక ఎత్తు బాబాయ్."

"ఎత్తాను కదమ్మా."

"ఎత్తలేదు, ఊపావు. ఎత్తు."

"మా ఆవిడ కూడా నా నోట్లోకి ఇంత శ్రద్ధగా చూళ్ళేదు."

"చూసుంటే నీ పళ్ళు ఇలా ఉండేవి కాదు. కట్టుడు పన్ను తియ్యి. దాని వెనక ఏముంది?"

ఏముంటుంది, మాత్ర ఉంటుంది. పుచ్చుపంటి సందులో, కట్టుడు పన్ను వెనక, పైపెదవి కింద. మనిషి నోట్లో ఇన్ని అరలున్నాయని ఆమెకు ఈ ఉద్యోగంలోకి వచ్చాకే తెలిసింది. అంత కష్టపడి దాచేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. ఆ మాత్రలకు కడుపులో తిప్పుతుంది, కీళ్ళు పట్టేస్తాయి, ఉచ్చ ఇటుకరంగులో పోస్తుంది. ఆరు నెలలు అలా రోజూ మింగమంటే ఎవడికైనా ఒళ్ళు మండుతుంది. కానీ మధ్యలో మానేస్తే రోగం మందుకు లొంగకుండా మొండికేస్తుంది. ఆ మొండి రోగమే దగ్గుతో పక్కవాళ్ళకు అంటుకుంటుంది.

అందుకే ప్రభుత్వం ఆమె చేతికి మాత్రలతోపాటు ఒక పచ్చకాగితం కూడా ఇచ్చింది. కఫంలో ఇంకా టీబీ పురుగులుండగా వరసగా వారం రోజులు మాత్రలు మానేసిన మనిషిని, అతను ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, తాళం వేసే వార్డుకు తీసుకెళ్ళొచ్చు. దాని మీద రెండు సంతకాలు పడాలి. మొదటిది మాత్రలక్కది, రెండోది ఆఫీసరుది. మొదటిది లేకుండా రెండోది చెల్లదు.

పదహారేళ్ళలో ఆమె ఆ సంతకం ఒక్కసారే పెట్టింది. అతనొక బస్సు కండక్టరు. వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడి చూస్తుండగా, లుంగీ మీదున్న మనిషిని ఉన్నవాణ్ణి ఉన్నట్టే బండెక్కించారు. బతికి బయటపడ్డాడు. ఇప్పటికీ ఆమె బస్సెక్కితే టికెట్ కొట్టి ఇస్తాడు గానీ మొహం చూడడు. మరోసారి చెప్పులు కుట్టే అతను ఈ ఒక్కరోజూ వదిలెయ్యక్కా అని బతిమాలితే, జాలిపడి మింగకపోయినా మింగినట్టు రాసింది. ఆ ఒక్కరోజు సాగి సాగి పన్నెండు రోజులయింది. అతనికి తగ్గింది. అతని భార్యకు అంటుకుంది. ఆమెకు తగ్గలేదు.

ఈ రెండు సంగతులూ మాత్రలక్క ఎవరికీ చెప్పుకోదు. చెప్పుకుంటే బరువు దిగుతుంది. దిగడం ఆమెకు ఇష్టం లేదు.

అలాగని ఆమె నియమాలంటే వంగి దండం పెట్టే రకం కాదు. స్కూటరు మీద హెల్మెట్ లేకుండా తిరుగుతుంది. ఒకసారి నాలుగు రోడ్ల కూడలిలో ట్రాఫిక్ పోలీసు ఆపితే, "తల నాది, జుట్టు నాది, చెమట నాది. పగిలితే నాదే పగులుతుంది, నీకేం పోయింది?" అని గొంతు చించుకుంది. జరిమానా కట్టి రసీదు తీసుకుని, మళ్ళీ వట్టితలతోనే ఇంటికొచ్చింది. కుట్టుమిషన్లు బాగుచేసే మొగుడు ఆ రసీదు చూసి, "ఊరందరి నోళ్ళూ తెరిపిస్తావు, నీ నోరు మాత్రం ముయ్యవు" అన్నాడు.

వాళ్ళ వీధి చివరే రంగుల షెడ్డు ఉంది. యాభై నాలుగేళ్ళ మనిషి, పెళ్ళి చేసుకోలేదు, అక్కతో కలిసి నడుపుతాడు. మోచేతుల దాకా ఏదో ఒక రంగు ఉంటుంది కాబట్టి రంగులాయన అంటారు. మరిగే తొట్లలో నూలు ముంచి, పిండి, మేడమీద తీగల మీద ఆరేయడం వాళ్ళ పని. తొట్ల దగ్గర నూలు పిండడానికి ఇద్దరు ఆడవాళ్ళు వస్తారు. వాళ్ళలో ఒకామెకు ఏడో నెల.

రంగులాయన గొప్పంతా కంట్లోనే ఉంది. ఎవరైనా గుడ్డముక్క తెచ్చి ఈ రంగు కావాలంటే, గుమ్మంలో ఎండకు పట్టి ఒక్కసారి చూసేవాడు. ఇందులోంచి గుప్పెడు, అందులోంచి రెండు చిటికెలు తొట్టిలో పడేసేవాడు. ముక్కకీ నూలుకీ తేడా కనిపెట్టడం ఎవడి తరమూ అయ్యేది కాదు. "కొలుచుకునేవాడు వంటమనిషి, నేను కాదు" అని మీసం దువ్వేవాడు.

అలాంటివాడికి టీబీ వచ్చింది. మొదటి రెండు నెలలూ కిటికీ దగ్గర వరసలో నిలబడి మింగాడు. రెండో నెల చివర పరీక్షలో పురుగులు తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. మూతికి గుడ్డ కట్టుకుని, తలుపులు బార్లా తెరిచి పనిచేసుకోమని చెప్పి, డాక్టరమ్మ నాలుగు మాత్రల కోర్సును ఇంకో నెల పొడిగించింది. అప్పుడు రంగులాయన ఒక కోరిక కోరాడు.

"అక్కా, ఆ వరసలో నిలబడలేను. మా నూలు కొనేవాడు రోజూ ఆ దారినే పోతాడు. టీబీ వాడు పిండిన నూలు ఎవడు కొంటాడు చెప్పు. మాత్రలు ఇంటికియ్యి. నేనేం పిల్లాణ్ణా?"

మాత్రలక్కకు ఆ మాట సబబుగానే తోచింది. తన పూచీ మీద సంతకం పెట్టి, వారానికి సరిపడా మాత్రలు ఇంటికి పంపేలా చేసింది. ఒక్క షరతు. మాత్రలు వేసుకున్న రెండు గంటలకు చిన్న సీసాలో ఉచ్చ పట్టి షెడ్డు వెనక గట్టు మీద పెట్టాలి. ఆమె రోజూ అటువైపు వెళ్తూ చూస్తుంది. ఇటుకరంగులో ఉంటే మింగినట్టు. సీసా పారబోసి టిక్కు పెట్టుకుని పోతుంది.

మూడు వారాలు అలాగే నడిచింది. నాలుగో వారంలో రెండు రోజులు ఏదో శిక్షణ ఉందని ఆమెను పక్క ఊరి ఆఫీసుకు పంపారు. తిరిగొచ్చేసరికి గట్టు మీద మూడు సీసాలు వరసగా నిలబడి ఉన్నాయి. నిన్నటిది, మొన్నటిది, ఇవాళ్టిది.

పారబోయబోయి ఆగింది.

మూడూ ఒకే రంగు. రోజుకొక సీసా చూస్తే తెలిసేది కాదు. పక్కపక్కన పెడితే తెలిసింది. పదహారేళ్ళలో ఆమె ఎన్ని వేల సీసాలు చూసిందో. ఎండలో తిరిగినవాడిది ముదురు, నీళ్ళెక్కువ తాగినవాడిది పలచన, ఒకే మనిషిది కూడా రెండు రోజులు ఒకేలా ఉండదు. ఇవి మాత్రం ఒకే తొట్టిలో ముంచి తీసినట్టున్నాయి. మూత తీసి వాసన చూసింది. వాసన లేదు. సంచిలోంచి దూది తీసి ముంచింది. కొళాయి కింద పట్టి గట్టిగా పిండింది. కాస్త వెలిసింది గానీ రంగు పోలేదు.

మోసం చేసినా పక్కా రంగే వాడాడు. ఇంకెవడైనా అయితే టీ డికాక్షనో పసుపునీళ్ళో పోసి పెట్టేవాడు. రోజూ రంగు రవ్వంత కూడా తేడా రాకుండా కలపాలన్న పిచ్చి ఈ పనివాడికే ఉంటుంది. దొరికిపోయిందీ అందుకే.

షెడ్డులోకి వెళ్ళేసరికి రంగులాయన మూతికి గుడ్డ కట్టుకుని కర్రతో తొట్టి కలుపుతున్నాడు. ఆమె ఆ దూదిని అతని మొహం ముందు పెట్టింది.

"ఇదేంటన్నా?"

"ఏంటది?"

"నీ ఒంట్లోంచి దిగిన రంగు. ఉతికినా పోవట్లేదు. చీరలకు అద్దుకోవచ్చు."

నూలు పిండుతున్న ఆడవాళ్ళిద్దరూ కిసుక్కుమన్నారు. మాత్రలక్క మొహం చూసి ఆపేశారు. అతను కర్ర వదిలి పెరట్లోకి నడిచాడు. ఆమె వెనకే వెళ్ళింది.

"ఎన్ని రోజులైంది?"

"పదకొండు."

"మాత్రలు?"

"డబ్బాలోనే ఉన్నాయి. పారెయ్యలేదు. లెక్కపెట్టుకో."

"నిన్ను నమ్మి సంతకం పెట్టాను."

"పెట్టమని నేనేమన్నా కాళ్ళమీద పడ్డానా? ఒళ్ళు నాది, రోగం నాది, మింగుతానో మానుకుంటానో నా ఇష్టం. నువ్వు హెల్మెట్ పెట్టుకోవుగా? కూడలిలో పోలీసుతో ఏమన్నావో వీధంతా విన్నది."

మాత్రలక్కకు చెంప మీద కొట్టినట్టయింది. అయినా తడుముకోలేదు.

"నా తల పగిలితే నాదొక్కటే పగులుతుంది. నీ దగ్గు నీ దగ్గరే ఉంటుందా? ఆ లోపలున్నామెకు ఏడో నెల. ఆమెనడిగావా నీ ఇష్టం సంగతి?"

రంగులాయన మూతిగుడ్డ సర్దుకున్నాడు.

"తలుపులు తీసే ఉంచుతున్నా."

"చాలదు. ఎందుకు మానేశావో చెప్పు."

"చెప్పాను."

"ఎప్పుడు?"

"నీ కిటికీ దగ్గరే చెప్పాను. నువ్వు నవ్వి రాసుకున్నావు. పో అక్కా, పచ్చకాగితం తెచ్చుకో. మొగాడిలా ఎక్కుతా బండి."

ఆమె విసురుగా బయటికొచ్చింది. దారిలో రంగుల డబ్బాల అర కనిపించింది. అర మీద నగల దుకాణంలో ఉండేలాంటి చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఉంది. పైన గోడకు నాలుగైదు చీటీలు గుచ్చి ఉన్నాయి. ఫలానా డబ్బా ఇరవై గ్రాములు, ఫలానా డబ్బా ఆరు గ్రాములు. అప్పుడు ఆ కోపంలో వాటిని పట్టించుకోలేదు.

ఆస్పత్రికి వచ్చి పచ్చకాగితం తీసి బల్ల మీద పెట్టుకుంది. అందులో రోగి వివరాలు నింపడానికి రిజిస్టరు తెరిచింది. రంగులాయన పేజీలో రోజుకొక వరస. తేదీ, మాత్రలు, టిక్కు, చివర్న "రోగి చెప్పినది" అని ఒక గడి. ఆ గడిలో పై నుంచి కింది దాకా అన్నీ అడ్డగీతలే. ఆమె గీసినవే. అందరి పేజీల్లోనూ గీతలే. వరసలో ముప్ఫైమంది నిలబడితే ఎవరేమన్నా సణుగుడే. కడుపులో తిప్పుతోంది, నిద్ర పట్టట్లేదు, నోరు చేదు. అన్నీ రాస్తూ కూర్చుంటే మధ్యాహ్నమైపోతుంది.

చెప్పానన్నాడు. ఏం చెప్పాడు?

పెన్ను మూత పెట్టి కళ్ళు మూసుకుని ఆలోచించింది. రెండో నెలలో ఒకరోజు నాలుక ఎత్తి దించి, వెళ్తూ వెళ్తూ అన్నాడు. "మీ మాత్రల పుణ్యమా అని ఎరుపు ఎండిపోయిందక్కా." తొట్టిలో రంగు గురించి ఏదో వేళాకోళం ఆడుతున్నాడనుకుంది. నవ్వింది. గీత గీసింది.

కాటా గుర్తొచ్చింది. చిటికెలతో, గుప్పెళ్ళతో పనిచేసిన మనిషికి ఇప్పుడు గ్రాముల చీటీలెందుకు? సీసాల్లో మూడు రోజుల రంగూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఉందంటే అది పనివాడి పిచ్చి కాదు. చూసి కలపలేదు, తూచి కలిపాడు. చూస్తే తెలియడం లేదు కాబట్టి తూచాడు.

కాగితం అలాగే వదిలేసి మళ్ళీ స్కూటరెక్కింది.

సాయంత్రం నాలుగు కావస్తోంది. రంగులాయన మేడమీద ఒక్కడే నూలు తిరగేస్తున్నాడు. ఆమె మాట్లాడకుండా తీగ మీంచి రెండు నూలు చుట్టలు లాగి ఎండలోకి పట్టింది.

"ఇందులో ఎర్రది ఏది?"

"ఏంటీ ఆట?"

"చెప్పన్నా."

అతను చూశాడు. దగ్గరికి జరిగి చూశాడు. వేళ్ళతో నులిమి చూశాడు, వాసన కూడా చూశాడు.

"తెలీడం లేదక్కా. రెండూ ఒకే మట్టిరంగులో ఉన్నాయి." గొంతు తగ్గించాడు. "మా అక్కకు చెప్పకు. వయసైంది, జాగ్రత్తగా తూచుకుంటున్నా అని చెప్పాను. నేను రంగు చూడలేనని బయటికి పొక్కితే ఈ షెడ్డు నెల తిరక్కుండా మూతపడుతుంది. మాత్రలు మానితే తిరిగొస్తుందేమో అనుకున్నా. నీకు చెబితే నువ్వు నాలుక ఎత్తమంటావు."

ఆమె నూలు చుట్టలు తీగ మీద వేసింది. ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ.

మర్నాడు పొద్దున అతన్ని స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ రంగుచుక్కల పుస్తకం తిప్పి తిప్పి చూపించింది. అతను పదిహేను పేజీల్లో పన్నెండు తప్పాడు.

"నాలుగింట్లో తెల్లమాత్ర వెంటనే ఆపెయ్యాలి. కొందరికి కంటినరాన్ని దెబ్బతీస్తుంది. త్వరగా ఆపితే చాలామందికి చూపు మళ్ళీ వస్తుంది. మిగతా మూడింటితో లాగొచ్చు." కళ్ళజోడు తీసి అతనికేసి చూసింది. "మొదట్లోనే నోరు విప్పి చెప్పుంటే ఇంత దూరం వచ్చేది కాదు కదయ్యా."

"చెప్పాడు డాక్టరుగారూ," అంది మాత్రలక్క. "నేను గీత గీశాను."

పదకొండు రోజులు మాత్రలు మానేయడం వల్లే అతని కళ్ళు ఆ మాత్రమైనా మిగిలాయి. ఆ పదకొండు రోజుల్లోనే పక్కనున్న ముగ్గురు ఆడవాళ్ళ ఊపిరితిత్తులు అపాయంలో పడ్డాయి. రెండూ నిజమే. ఒకటి చూపించి రెండోదాన్ని కొట్టేయడానికి లేదు. మాత్రలక్క ఆ రోజు మధ్యాహ్నమంతా ఈ రెండింటినీ మోసుకుని తిరిగింది.

ఆఫీసరుకు కంప్యూటర్లో ఎర్రగీత కనబడనే కనబడింది. మానేసిన పదకొండు రోజులూ ఆమే నిజాయితీగా ఎక్కించింది. అంతకుముందు పెట్టిన టిక్కులు కొట్టేసి, పక్కన తన పేరు రాసింది. ఆయన పిలిపించాడు. ఆయన చెడ్డవాడేం కాదు. చొక్కా జేబులో ఎప్పుడూ గ్యాస్ మాత్రలు ఉంటాయి, ఏ ఫోన్ మోగినా ఉలిక్కిపడతాడు.

"పచ్చకాగితం ఏదమ్మా?"

"నింపాను సార్. సంతకం పెట్టలేదు."

"నియమం వారమంది. ఇతను పదకొండు. ఇంకేం కావాలి?"

"నాలుగు మాటలు ఎక్కువ రాశాను సార్, అవి చదవండి. రోగి చెప్పినది అన్న గడిలో."

చదివాడు. తల గోక్కున్నాడు. "పాపమే. కానీ రేపు ఆ కడుపుతో ఉన్నామెకు అంటుకుందనుకో, పేపర్లో నా బొమ్మ వేస్తారు, నీది కాదు. వార్డులో పెడితే ఎవరికీ భయం ఉండదు. మందు చక్కగా మింగుతాడు."

"మింగుతాడు సార్, తాళం వేస్తే ఎవడైనా మింగుతాడు. మీరు బండి పంపిన సాయంత్రానికే వీధంతా తెలుస్తుంది. మందు పడట్లేదని చెప్పినవాణ్ణి పట్టుకుపోయారట అంటారు. ఆ తర్వాత ఎవడికి కళ్ళు పోయినా నాకు చెప్పడు. దగ్గొస్తే మన గుమ్మమే తొక్కడు. అప్పుడెవరికి తాళం వేస్తాం?"

"అయితే వదిలెయ్యమంటావా?"

"వదిలెయ్యమని ఎవరన్నారు? షెడ్డులో అడుగు పెట్టనివ్వను. మేడమీద రేకుల గది ఉంది, నాలుగు వైపులా గాలి. కఫం శుభ్రమయ్యేదాకా అక్కడే. రోజుకు రెండుసార్లు నేనే వెళ్ళి మింగించొస్తాను. మిగతా ముగ్గురికీ పరీక్షలు చేయిస్తాను. ఒక్క పూట తప్పినా మీరు పిలవక్కర్లేదు, ఆ సంతకం నేనే పెట్టి తెస్తాను."

"మాట తేడా వస్తే నీ ఉద్యోగం పోతుంది. నేను కూడా ఆపలేను."

"రాసివ్వనా సార్?"

రాసిచ్చింది. ఆయన గ్యాస్ మాత్ర చప్పరిస్తూ పక్కన సంతకం పెట్టాడు. నెల రోజుల గడువు.

షరతులు వినగానే రంగులాయన ఎగిరిపడ్డాడు.

"నా షెడ్డులోకి నన్నే పోవద్దంటావా?"

"అవును. అడగడం లేదు, చెబుతున్నా. పురుగు పోయేదాకా నీ దగ్గు మీద ప్రభుత్వానికి హక్కుంది. పోయిన రోజు నుంచి నీ ఒళ్ళు నీది."

"ఇంకా ఏమేం చెప్తావు ఊరికి?"

"నీకు టీబీ అని, పదకొండు రోజులు మందు మానేశావని ఆ ఇద్దరికీ చెప్తాను. ఊపిరి వాళ్ళది కాబట్టి. నీ కళ్ళ సంగతి చెప్పను. అది నీ సొంత వ్యవహారం. మీ అక్కకు చెప్పుకుంటావో లేదో నీ ఇష్టం."

టీబీ మాట వినగానే ఏడో నెలామె పొట్ట మీద చెయ్యేసుకుని బయటికొచ్చింది. తర్వాత మేడమెట్ల కింద నిలబడి పైకి అరిచింది. "ముందే చెప్పొద్దా అన్నా? నీ పరువు కంటే నా బిడ్డ తక్కువా?" ఆమె సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది. పరీక్షలో ఏమీ లేదని తేలినా తిరిగి పనికి రాలేదు. రెండో ఆమె ఉండిపోయింది. రంగులాయన అక్కకు మాత్రం ముందు జాగ్రత్తగా వేరే మాత్రలు మొదలుపెట్టారు. తమ్ముడి నిర్వాకానికి తానూ నాలుక ఎత్తాల్సొచ్చిందని ఆవిడ మూడు రోజులు అతనితో మాట్లాడలేదు.

నాలుగో రోజు మాట్లాడక తప్పలేదు. తొట్టి మరుగుతోంది, చీటీలో లేని రంగు అడిగారు. ఆవిడ కింద నుంచి కేకేసింది.

"ఒరేయ్, ఈ వంగపండు రంగుకు నీలం ఎంత వెయ్యాలిరా?"

"పద్నాలుగు గ్రాములు! ముందు ఆ ముక్క తడిపి చూడు, తడిసినప్పుడు ఎలా ఉందో చెప్పు!"

"నువ్వే చూసి చావొచ్చు కదా, ముక్క పైకి విసిరెయ్యనా?"

అప్పుడు చెప్పాడు అక్కకు. రేకుల గది గుమ్మంలో నిలబడి, మేడమెట్లు సగం ఎక్కి వచ్చిన అక్కకు వినబడేంత గొంతుతో చెప్పాడు. ఆవిడ ముక్క చేత్తో పట్టుకుని మెట్ల మీదే కూర్చుండిపోయింది. కాసేపటికి లేచి, "అయితే నాకు నేర్పు. నోటితో చెప్పు, నేను చూస్తా" అని దిగిపోయింది.

పొద్దున ఏడున్నరకు, సాయంత్రం అయిదింటికి మాత్రలక్క ఆ ఇనప మెట్లెక్కేది. ఎండలో, వానలో, ఒకసారి మోకాలు వాచి, రెండు చేతులతో కమ్మీ పట్టుకుని. ఒక రోజు అతను గోడవైపు తిరిగి పడుకుని లేవలేదు.

"ఇవాళ మింగను. వాంతి అవుతోంది. ఇవ్వాళ్టికి పో."

"సరే." ఆమె గుమ్మం బయట మెట్టు మీద కూర్చుంది.

అరగంట పోయింది. "పోలేదా?"

"లేదు."

"కిటికీ దగ్గర ముప్ఫైమంది ఎదురుచూస్తుంటారు."

"డాక్టరమ్మే మింగిస్తోంది. నాలుక ఎత్తమంటే జోకులేస్తున్నారట. ఏడుపుమొహం పెట్టుకుని ఫోన్ చేసింది."

ఇంకో మూడు గంటలు. ఆమె మజ్జిగ తెప్పించి ఇచ్చింది, వాంతి తగ్గడానికి డాక్టరమ్మ రాసిన మాత్ర ఇచ్చింది, అతను చెప్పినవన్నీ రిజిస్టర్లో రాసుకుంది. కదల్లేదు. పదకొండు కావస్తుండగా అతను లేచి చెయ్యి చాపాడు.

"నీ మొండితనం చూస్తుంటే రోగమే నయమనిపిస్తోంది."

"నోరు తెరువు."

నెల గడువు ముగిసే వారంలో కఫం పరీక్షకు పంపారు. జవాబు వచ్చేదాకా మాత్రలక్క ఇంట్లో అన్నం సరిగా తినలేదు. మొగుడు ఒక కుట్టుమిషను మోటారు విప్పి ఒళ్ళో పెట్టుకుని, "ఉద్యోగం పోతే నా దగ్గర పనికి చేరు. మిషన్లు నాలుక దాచుకోవు" అన్నాడు. ఆమె నవ్వలేదు.

కాగితం వచ్చింది. పురుగు లేదు.

అదే సాయంత్రం మేడ ఎక్కి ఆ కాగితం అతని చేతిలో పెట్టింది. అతను అక్షరాలు చదువుకుని, తీగ మీద ఆరేసిన నూలు వైపు చూశాడు. ఎరుపు ఇంకా పూర్తిగా రాలేదు. పొద్దుటి వెలుతురులో అయితే కాస్త పోల్చుకుంటున్నాడు, సాయంత్రానికి మళ్ళీ మట్టిరంగే.

"అంటే?"

"షెడ్డులోకి పోవచ్చు. పచ్చకాగితం ఇక చెల్లదు. ఇంకా మూడు నెలల మాత్రలున్నాయి. మధ్యలో మానితే రోగం తిరగబెడుతుంది, తిరగబెడితే ఈసారి లొంగదు. కానీ నిన్ను బలవంతం చెయ్యడానికి నా దగ్గర ఇప్పుడు ఏ కాగితమూ లేదు. ఇకనుంచి నేను మెట్లెక్కను. కిటికీ ఎనిమిదింటికి తెరుస్తాను. వస్తే వస్తావు."

"ఇంటికి ఇవ్వవా మాత్రలు?"

"ఇస్తా. అడుగు, ఇప్పుడే ఇస్తా. సీసా కూడా అక్కర్లేదు."

అతను చాలాసేపు అడుగుతాడేమో అన్నట్టే నిలబడ్డాడు. అడగలేదు. ఆమె కూడా రెండోసారి అనకుండా దిగి వచ్చేసింది. స్కూటరు స్టార్ట్ చేస్తూ ఒకసారి పైకి చూడాలనిపించింది గానీ చూడలేదు.

మర్నాడు ఎనిమిదింటికి కిటికీ తెరిచింది. వరసలో ఇరవై ఆరుగురు. రంగులాయన లేడు. ఎనిమిదిన్నర అయింది. ఆమె ఒక్కొక్కరినే పిలుస్తోంది, నోరు తెరిపిస్తోంది, ఇంకేమన్నా ఉందా అని అడిగి రాసుకుంటోంది. వరస నత్తనడక నడుస్తోంది, వెనకవాళ్ళు గొణుగుతున్నారు. తొమ్మిదికి పావు తక్కువకు వరస పక్కనుంచి మోచేతుల దాకా నీలం ఉన్న రెండు చేతులు కిటికీ కమ్మీలు పట్టుకున్నాయి.

"వరసలో రావయ్యా," అన్నాడు ముందున్న ముసలాయన.

"బాబాయ్, తొట్టి మరుగుతోంది, మా అక్క ఒక్కతే ఉంది." రంగులాయన వీధిలో అందరికీ వినపడేలా గొంతు పెంచాడు. "నాక్కూడా టీబీయే, నేనూ మింగేవాణ్ణే. ఒక్క నిమిషం జరుగు."

ముసలాయన జరిగాడు. మాత్రలక్క మూడు మాత్రలు అతని నీలం అరచేతిలో వేసి, గ్లాసు అందించింది. అతను మింగి, ఆమె అడక్కముందే నాలుక ఎత్తాడు.